పసుపు గీత పడిన గిటారు

నేను పనిచేసిన అంగట్లో నన్ను 'తుడిచే ఆమె' అనేవాళ్లు. పదిహేడేళ్లు అదే పేరు. గిటార్లకు తీగలు మార్చేది నేను. హార్మోనియం తిత్తిలో బొద్దింకలు చేరకుండా కలరా ఉండలు వేసేది నేను. వానాకాలం తబలా మూతలు తడి పట్టకుండా బల్బు కింద పెట్టి తిప్పేది నేను. కొనేవాళ్లు వచ్చి, "తీగలు బాగా కుదిరాయే, ఎవరు బిగించారు?" అని అడిగితే, కౌంటరులో నిలబడే మనిషి "మనమే సార్" అనేవాడు. ఆ 'మనమే'లో నేను ఎప్పుడూ లేను.

పని మానేసి మూడేళ్లయింది. కోపం మాత్రం మానలేదు. తిరుపతిలో ఇప్పుడు ఏ అంగడికి పోయినా ఆడపిల్లలే నిలబడి కనిపిస్తున్నారు, కూర్చోవడానికి ఒక స్టూలు కూడా లేకుండా. మీ కోసమే ఈ సంగతి చెబుతున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను నోటితో చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు. నాది తియ్యటి గొంతు కాదు, చెప్పబోయేది కూడా తియ్యటి సంగతి కాదు. ముందే చెప్పేస్తున్నాను.

మా ఆయన రైల్వే స్టేషను నుంచి ఆ అంగడికి పార్శిల్ పెట్టెలు తోలే మూడు చక్రాల బండి తొక్కేవాడు. ఆయన పోయాక ఓనరు పిలిచి ఊడ్చే పని ఇచ్చాడు. ఉపకారం చేశానని ఏడాదికి నాలుగైదుసార్లు గుర్తు చేసేవాడు. ఊడ్చే పని నుంచి తీగల పనికి ఎట్లా వచ్చానంటే, ఒక రోజు తీగలు బిగించే మనిషి రాలేదు. కొన్నాయన కుర్చీలో కూర్చొని కాలు ఊపుతున్నాడు. కౌంటరు మనిషి రెండు తీగలు తెంచేశాడు. నేను చీపురు పక్కన పెట్టి, "ఇట్లా ఇయ్యప్పా" అన్నాను. మా అమ్మ తిరుచానూరులో గుడి దగ్గర పూలు కట్టి అమ్మేది. దారం ఎంత లాగితే మొగ్గ తెగుతుందో, ఎంత లాగితే మాల నిలుస్తుందో నా వేళ్లకు చిన్నప్పటి నుంచే తెలుసు. తీగ అయితే ఏమి, దారమైతే ఏమి. ఆ రోజు నుంచి తీగల పని నాదే అయింది. ఊడ్చే పని కూడా నాదే.

ఇంక గిటార్ల సంగతి. మామూలు కరెంటు గిటారు నిండు చెక్కతో చేస్తారు. కరెంటు తగిలించకపోతే దోమ గుయ్యిమన్నట్టే ఉంటుంది. పూర్తిగా బోలుగా ఉండేది కరెంటు లేకున్నా పాడుతుంది కానీ, పెద్ద స్పీకరు ముందర పెడితే ఊళ పెడుతుంది. ఈ రెండింటికీ నడుమ ఒక రకం ఉంది. రెండు పక్కలా బోలు, మధ్యలో మొద్దు చెక్క. పైన అటొకటి ఇటొకటి పాములాగా వంపు తిరిగిన చీలికలు. దాన్ని సెమీ హాలో అంటారు. అంగట్లో అందరూ సెమీ అనేవాళ్లు. నాకు అది సేమ్యా అని వినబడింది. "సారూ, సేమ్యా గిటారు యాడ పెట్టేది?" అని అడిగాను. అంగడి అంతా పడి పడి నవ్వింది. నవ్వితే నవ్వారు, వారం తిరిగేసరికి అందరి నోటా అదే మాట. ఓనరు మద్రాసుకు ఫోను చేసి "రెండు సేమ్యా పంపించండి" అని నాలుక కరుచుకున్నాడు.

అట్లా వచ్చినవే ఆ రెండూ.

దసరా ఆయుధపూజకు ముందు రోజు పెట్టెలు దిగాయి. ఒకే కంపెనీ, ఒకే రకం, రెండూ దానిమ్మ గింజ రంగు. పెట్టెలు ఆ రోజు విప్పలేదు. కొత్త సరుకును ఆయుధపూజ పొద్దున దేవుడి పటం ముందర విప్పాలని ఓనరు పట్టు. విప్పిన వెంటనే ప్రతి వస్తువుకూ పసుపు పూసి కుంకుమ బొట్లు పెడతారు. కీబోర్డులకు, స్పీకర్లకు, చివరికి కాలిక్యులేటరుకు కూడా.

ఏడాదంతా ఆ వస్తువులను తుడిచే చెయ్యి నాది. పూజ రోజు ఆ చెయ్యి పనికిరాదు. పనిలో చేరిన మొదటి ఏడాది నాకు తెలియక తలకు పోసుకొని, ఉతికిన చీర కట్టుకొని పొద్దున్నే వెళ్లాను. కౌంటరు మనిషి నన్ను మెట్ల మీదే ఆపేశాడు.

"నువ్వు సాయంత్రం రామ్మా. పూజ అయినాక కడిగే పనుంటాది."

"నేను పూజకే వస్తినప్పా, పనికి కాదు."

"అదే సెప్తా ఉండాను. మొగుడు పోయినోళ్లకు పసుపు కుంకాల కాడ ఏం పని? ఓనరమ్మ వొప్పుకోదు."

ఓనరమ్మను నేను ఎప్పుడూ అడగలేదు. ఆమె ఒప్పుకోనిదో, ఈయనే ఒప్పుకోనివాడో ఈ రోజుకీ తెలియదు. తరువాత ప్రతి ఏడాదీ సాయంత్రమే వెళ్లాను. పూసేటప్పుడు పనికిరాని చెయ్యి కడిగేటప్పుడు పనికొస్తుంది. మెరుగు పెట్టిన చెక్క మీద ఎండిపోయిన పసుపును గీత పడకుండా తీయడం ఎంత చాకిరీనో పూసినవాళ్లకు ఏం తెలుస్తుంది? వాళ్లు బొరుగులు, శనగలు తిని ఇంటికి పోయి ఉంటారు.

ఆ ఏడాది కూడా సాయంత్రమే వెళ్లాను. రెండు సేమ్యా గిటార్లూ పక్కపక్కనే ఉన్నాయి, రెండింటి తలలూ పచ్చగా ఉన్నాయి. వాటి నంబర్లు చదవడం నాకు రాదు కాబట్టి నా గుర్తు నేను పెట్టుకున్నాను. చీలికలో నుంచి చూస్తే లోపల కంపెనీ చీటీ అంటించి ఉంటుంది. ఒకదానిలో చీటీ నేరుగా ఉంది, ఇంకొకదానిలో వంకరగా ఉంది. అంతే, నేరు చీటీది, వంకర చీటీది.

నేరు చీటీది తుడిస్తే అద్దంలా అయింది. వంకర చీటీది తుడుస్తుంటే మెడ వెనకాల, తల మొదలయ్యే చోట, వెంట్రుకంత పసుపు గీత మిగిలిపోయింది. తడిగుడ్డ వేశాను. పోలేదు. గోరు పెట్టి మెల్లగా లాగితే గోరు అక్కడ తట్టుకుంది.

కౌంటరు మనిషి అరలు సర్దుకుంటున్నాడు. పిలిచాను.

"అప్పా, ఈడ సూడు. పసుపు పోలేదు."

"గట్టిగా రుద్దు."

"రుద్దితే పొయ్యేది కాదు. లోపలికి దిగిండాది. పగులు అది."

వచ్చి గిటారును ట్యూబులైటు కిందికి తిప్పాడు. గీత మీద బొటనవేలు అటూ ఇటూ ఆడించాడు.

"ఎవురికన్నా సెప్పినావా?"

"ఇప్పుడే గదా నేను సూస్తి."

"సెప్పొద్దు. పొద్దున పెట్టె విప్పి గోడకు ఆనిస్తే జారిపొయ్యింది. కొంచెమే. ఏమీ కాలేదనుకొని పసుపు పూసేస్తి."

పూజ రోజు కొత్త సరుకు కింద పడిందని చెప్పుకోవడానికి అతనికి భయం. అది నాకు అర్థమైంది. అప్పుడు నాకు అతని మీద జాలి కూడా వేసింది, ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. మరుసటి రోజు అతను ఫ్యాన్సీ అంగడి నుంచి ఆడవాళ్లు వేసుకునే గోళ్ల రంగు సీసా తెచ్చాడు. దానిమ్మ రంగే. సన్న కుంచెతో ఆ గీత మీద రెండుసార్లు పూశాడు. దూరం నుంచి చూస్తే తెలియదు. దగ్గర నుంచి చూసినా, తెలిసినవాళ్లకే తెలుస్తుంది. ఓనరుకు తెలిసింది. వేలితో తడిమి చూసి, "దాన్ని ముందు పంపించెయ్" అన్నాడు. అంతే. ఎట్లా పగిలిందని కూడా అడగలేదు.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్ ముందు గిటార్లకు గిరాకీ ఉంటుంది. ఒక పొద్దున కౌంటరు మనిషి నా ముందర కొత్త తీగల పొట్లం పడేశాడు.

"ఆ పూసిన దానికి కొత్త తీగలు ఎయ్యి. రెండోదాని జోలికి పోవద్దు."

"దాని తీగలు గూడా నల్లబడి ఉండాయి కదప్పా."

"ఉండనీ."

రెండు నెలలు పదిమంది చెమట చేతులు పడ్డ తీగలకు గొంతు మూసుకుపోతుంది. కొత్త తీగలు వేస్తే స్టీలు చెంబు మీద చెంచాతో కొట్టినట్టు ఖంగుమంటుంది. పక్కపక్కన పెట్టి వాయిస్తే ఎవరైనా కొత్త తీగలదాన్నే మెచ్చుకుంటారు. అదీ సంగతి. నాకు ఆ క్షణమే తెలిసింది. తెలిసి, ఆరు తీగలూ నా చేత్తోనే బిగించాను. ఇది దాటేయకుండా రాయమని చెబుతున్నాను.

మరుసటి రోజే ఆ పిల్ల వచ్చింది. సూళ్లూరుపేట వైపు ఏదో ఫోన్లు తయారుచేసే కంపెనీలో పని, అక్కడే హాస్టలు. సొంతూరు చిత్తూరు పక్క పల్లె. వెంట వాళ్ల నాయన, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, మెడలో నల్ల దారానికి చిన్న సిలువ. ఆ పిల్లకు సెమీనే ఎందుకు కావాలో తనే చెప్పింది. హాస్టలు గదిలో స్పీకరు పెడితే మిగతా పిల్లలు తంతారు. కరెంటు లేకుండానే మెల్లగా వినబడాలి. చర్చిలో స్పీకరుకు తగిలిస్తే ఊళ పెట్టకూడదు.

"మా చర్చిలో ఎప్పుడూ మగపిల్లోళ్లే వాయిస్తారు. ఈసారి క్రిస్మస్ ఆరాధనకు నన్ను వాయించమన్నారు" అంది. ఆ మాట చెప్పేటప్పుడు వాళ్ల నాయన చొక్కా కాలరు సర్దుకున్నాడు.

రెండు గిటార్లూ ముందర పెట్టారు. ఆ పిల్ల ఒకటి తీసుకొని వాయిస్తుంది, దించుతుంది, రెండోది తీసుకుంటుంది, మళ్లీ మొదటిది. గంట అయింది. వాళ్ల నాయన కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాడు.

"రెండూ ఒక మాదిరే ఉండాయి కదా పాపా. కండ్లు మూసుకోని ఒకటి ఎత్తుకో."

"ఒక మాదిరి లేవు నాయనా. ఇది బాగా మోగుతా ఉండాది. అది చేతిలో బాగా కూర్చుంటా ఉండాది."

"నీకు మోగేది కావల్నా, కూర్చునేది కావల్నా?"

"మోగాల, కూర్చోవాల."

"పెండ్లికొడుకును ఎతికేటప్పుడు గూడా ఇట్లే చేస్తావు కదా నువ్వు" అని ఆయన నవ్వాడు. ఆ పిల్ల మోచేత్తో పొడిచింది.

కౌంటరు మనిషి వంకర చీటీదాన్ని ముందుకు జరిపాడు. "చెవిని నమ్ముకోమ్మా. చెయ్యి రెండు దినాల్లో అలవాటు అయిపోతాది." ఓనరు గల్లాపెట్టె దగ్గర నుంచి తల ఊపాడు.

నేను పక్కనే వయొలిన్ పెట్టెలు తుడుస్తున్నాను. ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, దినామూ వీటిని తుడిచేది నువ్వే కదా. నీకు తెలిసి రెండిట్లో ఏది మేలు?"

పదిహేడేళ్లలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆ పిల్ల. నేను నోరు తెరిచే లోపలే ఓనరు పెద్దగా నవ్వాడు.

"ఆమెకేం తెలుస్తాదమ్మా! ఆమెకు అది సేమ్యా. పాలు పోసి పాయసం సేస్తాది."

కౌంటరు మనిషి నవ్వాడు. ఆ పిల్ల నాయన కూడా మర్యాదకు నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. నా మొహమే చూస్తూ నిలబడింది.

"రెండూ ఒకటేలేమ్మా" అన్నాను.

పని పోతుందని భయపడి అట్లా అన్నానని చెబితే మీరు నమ్ముతారు. నాకూ బాగుంటుంది. భయం కొంచెం ఉండింది, లేదనను. కానీ ఆ నిమిషాన నా నోరు మూసింది భయం కాదు. కసి. ఆయన నవ్విన నవ్వు మీద కసి. నాకేమీ తెలియదు కదా, సరే, ఏమీ తెలియనట్టే ఉంటాను. మీ అంగడి, మీ గోళ్ల రంగు, మీ పరువు. విరిగినప్పుడు మీ నెత్తినే పడుతుంది, నేను చూస్తూ కూర్చుంటాను. ఇదే అనుకున్నాను. అది ఎవరి నెత్తిన పడుతుందో, ఆ మనిషి నా ఎదురుగానే నిలబడి ఉన్నా, నా కంటికి కనబడలేదు. కోపం అంత గుడ్డిది నాది.

ఆ పిల్ల వంకర చీటీది తీసుకుంది.

క్రిస్మస్ అయిన మూడో రోజు తండ్రీకూతుళ్లు మళ్లీ వచ్చారు. ఆయన పెట్టెను కౌంటరు మీద పెట్టి మూత తెరిచాడు. గిటారు తల మెడ దగ్గర విరిగి, తీగలకు వేలాడుతూ ఉంది. కోడి మెడ విరిచి పెట్టినట్టు ఉంది.

"రెండో పాట సగంలో టక్‌మనింది" అంది ఆ పిల్ల. "అంతే, తీగలన్నీ వదులైపోయినాయి. నేను కింద పడెయ్యలేదు. ఎవరూ తగల్లేదు."

"చర్చీ చర్చీ మా పాపనే సూసినారు సార్" అన్నాడు నాయన. "మైకులో పాట నిలిచిపాయె. వెనకాల పెద్దోళ్లు, ఆడపిల్ల చేతికిస్తే ఇట్లే ఉంటాదని వినపడేటట్టే అనిరి. ఇంటికి పొయ్యి అన్నం తినలేదు బిడ్డ."

ఓనరు గిటారును ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "కింద పడితే తప్ప ఇట్లా విరగదప్పా. మేము ఇన్నేండ్లుగా అమ్ముతా ఉండాము. మీరు పడేసి ఈడికొస్తే ఎట్లా?"

"పడెయ్యలేదని బైబిలు వాక్యం మీద చెయ్యి పెట్టి చెప్తా" అన్నాడు నాయన.

మాట మీద మాట పెరిగింది. అంగట్లో ఉన్న ఇంకో ఇద్దరు కొనేవాళ్లు కూడా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఓనరు వాళ్ల వైపు చూశాడు, కౌంటరు మనిషి వైపు చూశాడు. కౌంటరు మనిషి నా వైపు చూశాడు.

"సార్, ఒక మాట" అన్నాడు. "వీళ్లు కొనే ముందు రోజు తీగలు మార్చింది ఈమె. అప్పుడు చేతిలో నుంచి జార్చినట్టుండాది. మనకు సెప్పకుండా దాచేసింది. దసరా నాడు నేనే కదా పెట్టె విప్పి తల కాడ్నించి అడుగు దాకా పసుపు పూసింది. అప్పుడు గీత గూడా లేదు."

అతను ఆగలేదు.

"ఆ చెయ్యి అట్లాంటిది సార్. పండగ పూట ఎందుకు దూరం పెడతామో ఇప్పుడు తెలిసింది కదా."

ఓనరుకు దారి దొరికింది. "ఏమ్మా? మొగుడు పోయిన దినం నుంచి నీకు అన్నం పెట్టినందుకు ఇదా? రేపట్నించి రావద్దు నువ్వు."

అవన్నీ ఒక ఎత్తు. వాళ్ల బుద్ధి నాకు తెలుసు. నన్ను కాల్చింది వేరే. మెడలో సిలువ వేసుకున్న ఆ తండ్రి, శకునాలు, దోషాలు లేవని ప్రతి ఆదివారం వినే మనిషి, నా చెయ్యి వైపు ఒకసారి చూసి, ఆ విరిగిన గిటారు పెట్టెను తన వైపు లాక్కున్నాడు. ఒక జానెడే లాక్కున్నాడు. విరిగిపోయినదానికి ఇంకేం అవుతుందని లాక్కున్నాడో!

నా గొంతు బండ గొంతు. చిన్నప్పుడు భజనలో నన్ను వెనక నిలబెట్టేవాళ్లు. ఆ రోజు దానితో పని పడింది.

"ఆ పెట్టె ఇట్లా తోయండి" అని అరిచాను. వీధిలో పోయేవాళ్లు ఆగారు. ఎవరూ తోయలేదు. నేనే వెళ్లి తీగలు విప్పేసి, ఊడిన తలను చేతిలోకి తీసుకొని వాకిట్లో ఎండలోకి నడిచాను. "రాండి. అందరూ రాండి. సూడండి."

విరిగిన చోట చెక్క సగం తెల్లగా, అప్పుడే కొట్టిన కొబ్బరి చిప్పలా ఉంది. మిగతా సగం పచ్చగా ఉంది. పసుపు పచ్చన. గీత కాదు, చెక్క లోపల బొటనవేలు గోరంత వెడల్పున పరుచుకొని ఉంది.

"ఇది ఏమి?" అని ఓనరును అడిగాను.

"పసుపు" అన్నాడు ఆ పిల్ల నాయన.

"పసుపే. చెక్క లోపలికి ఎట్లా పొయ్యింది? పగలకుండా పోతాదా? పగులు ముందా, పసుపు ముందా?" కౌంటరు మనిషి వైపు తిరిగాను. "పెట్టె విప్పింది నువ్వు. పసుపు పూసింది నువ్వు. ఇప్పుడే నీ నోటితో సెప్తివి, నలుగురు విన్యారు. నేను ఆ పొద్దు యాడ ఉండాను? మెట్లెక్కనిస్తిరా నన్ను? పదిహేడేండ్లలో ఒక్క పండక్కన్నా పసుపు గిన్నె ముట్టనిస్తిరా? ముట్టనిచ్చింటే ఈ పొద్దు అది గూడా నా మీదే ఏసుందువు. నా చెయ్యి మంచిది కాదంటివే, ఆ పొద్దు నా చెయ్యి దీని మీద పడనే లేదురా!"

తలతో పాటు ఊడొచ్చిన మెడ ముక్క వెనకాల నా గోటితో గీకాను. ఎర్ర పొర పెళ్లలుగా లేచి వచ్చింది. "ఇది గోర్ల రంగు. ఫ్యాన్సీ అంగట్లో తెచ్చి పూసినాడు. కంపెనీ వాళ్లు గోర్ల రంగు పూసి పంపిస్తారా? అడగండి సార్‌ను. సార్ గూడా తడిమి సూసినాడు."

చూడ్డానికి వచ్చిన ఇద్దరిలో ఒకాయన మెల్లగా జారుకున్నాడు. ఇంకొకాయన నిలబడి తల ఊపుతున్నాడు. ఓనరు నా దగ్గరకు వచ్చి, "సర్లే సర్లే, లోపలికి రా. గొంతు తగ్గించు. వీధిలో ఏందిది" అన్నాడు. లోపలికి వెళ్లాక, నేరు చీటీదాన్ని వాళ్లకు ఇచ్చేయమన్నాడు. నన్ను రావద్దన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తడు, తీగలు ఎవరు బిగిస్తారు? కౌంటరు మనిషిని పల్లెత్తు మాట అనలేదు. తప్పయిందని నాతో ఒక్కరూ అనలేదు. ఆ తండ్రి మాత్రం నా వైపు చూడలేక గోడకు వేలాడే డప్పులు చూస్తూ నిలబడ్డాడు.

నాకు మాత్రం ఒళ్లంతా వేడిగా, తేలిగ్గా ఉంది. గెలిచాను అనుకున్నాను. ఎన్నేళ్ల నుంచో లోపల ఉన్నదంతా కక్కేశాను. చీర కొంగు నడుముకు చెక్కుకొని, నేరు చీటీదానికి కొత్త తీగలు బిగించడానికి బల్ల దగ్గర కూర్చున్నాను.

ఆ పిల్ల ఊడిన తలను చేతిలో పట్టుకొని, ఆ పచ్చటి భాగాన్నే చూస్తోంది. వచ్చి నా ముందర నిలబడింది.

"పెద్దమ్మా, పూజ అయినాక సాయంత్రం కడిగింది నువ్వే కదా?"

"నేనే."

"అప్పుడే చూసినావా ఇది?"

తీగ తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది. "సూసినానమ్మా."

"దసరా నాడు."

"అవును."

"నేను నిన్ను అడిగింది డిసెంబర్లో."

ఆ పిల్ల గొంతు పెంచలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నాకూ నోరు లేచేది, నా బాధలు, నా భయాలు ఏకరువు పెట్టి ఉండేదాన్ని. ఆ పిల్ల నాకు ఆ దారి ఇవ్వలేదు.

"అడిగినాను కదా పెద్దమ్మా" అంది మళ్లీ. అంతే.

నేను పగలగొట్టలేదని ఆ పసుపే చెప్పింది. నాకు తెలుసని కూడా అదే చెప్పింది. ఎండలోకి తీసుకుపోయి ఊరంతటికీ చూపించింది నేనే. నేను అరిచిన అరుపులో రెండో మాట ఆ పిల్లకు ఒక్కదానికే వినబడింది.

మీకు కోపం రావద్దని నేను చెప్పను. రావాలి. స్టూలు లేకపోతే రావాలి, పేరు లేకపోతే రావాలి, నీకేం తెలుసని నవ్వితే తప్పకుండా రావాలి. నాకు వచ్చిన కోపం న్యాయమైనదే. దాన్ని ఓనరు మొహం మీద కొట్టడానికి రెండు నెలలు ధైర్యం చాలలేదు, కొట్టింది మాత్రం నన్ను మనిషిగా చూసి మాట అడిగిన పిల్లను. పని పోయే పరిస్థితి వచ్చాక, నా మీదికి వచ్చాక, అప్పుడు లేచింది గొంతు.

తీగలు బిగించడం అయిపోయింది. గిటారును ఆ పిల్ల చేతికి ఇస్తూ, ఈసారి ఎవరి మొహమూ చూడకుండా, అడగకుండానే అన్నీ చెప్పాను. మెడ మీద ఏడో మెట్టు దగ్గర లావు తీగ కొంచెం జరజరమంటుంది. తీగలు బిగించే చెవుల్లో కింది నుంచి రెండోది వదులు, వారానికి ఒకసారి మర బిగించుకోవాలి. అడుగున చిన్న సొట్ట ఉంది, అది పైపైనే, చెక్కకు తగల్లేదు. మెడ గట్టిది, వెనకాల నా వేలు పెట్టి పైనుంచి కిందిదాకా తడిమి చూపించాను. కౌంటరు మనిషి పళ్లు కొరుకుతున్నాడు. కొరుక్కోనీ.

ఆ పిల్ల అన్నీ విన్నది. ఏడో మెట్టు దగ్గర వాయించి చూసింది. నిజమే, జరజరమంది. తల ఊపింది. గిటారును పెట్టెలో పెట్టి మూత వేసి, వాళ్ల నాయన వైపు తిరిగింది.

"నాయనా, పొయ్యే దావలో దీన్ని ఇంకెవరికన్నా చూపించుకొని పోదాం."

ఓనరు ఎగిరిపడ్డాడు. "అంత చెప్పింది కదమ్మా ఆమె! ఇంకా నమ్మకం లేదా?"

ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు. నా వైపే చూసింది, ఒక్క క్షణం. తరువాత పెట్టె భుజానికి తగిలించుకొని మెట్లు దిగిపోయింది.

ఈ వ్యవహారంలో ఎవరు ఏ మాట అన్నా నాకు కోపమే వచ్చింది. ఇన్నేళ్లయినా తలుచుకుంటే వస్తుంది. ఆ పిల్ల వాళ్ల నాయనతో అన్న ఆ ఒక్క మాటకు మాత్రం రాలేదు.